మా ఇంటికి టిక్కెట్టు

పన్నెండు యూరోలు,
మా ఇంట్లోకి మేం వెళ్ళడానికి.
హెల్మెట్టు అద్దె వేరే.
గైడు హెన్నింగ్, మేం వెళ్ళిపోయాక పుట్టిన కుర్రాడు,
మా వంటగది గురించి మాకు చెబుతున్నాడు:
"ఇక్కడ సోవియట్ అధికారులు ఉండేవారు."
నెల్యా నా మోచెయ్యి గిల్లింది.
అధికారులెక్కడ?
మా నాన్న ట్యాంకు మెకానిక్కు.
వాళ్ళ నాన్న రొట్టెల బట్టీలో సార్జెంటు.

మా ఊరికి పేరు లేదు.
అయిదంకెల తపాలా నంబరు, అంతే.
కజాన్ నుంచి అమ్మమ్మ ఆ అంకెల్ని
కవరు మీద దిద్ది దిద్ది రాసేది,
మనవరాలు ఏ దేశంలో ఉందో తెలియకుండానే.
గోడకి అవతల జర్మనీ.
ఇవతల ఏమిటో ఎవరూ చెప్పలేదు.
పైన్ చెట్లు మాత్రం రెండు వైపులా ఉండేవి.

ఒకచోట సిమెంటు పలక పగిలి
పిల్లి దూరేంత సందు.
టిబిలిసీ వాఝా అందులోకి చెయ్యి పెట్టి
ఎర్ర నక్షత్రం బ్యాడ్జీ ఇచ్చి
బబుల్ గమ్ము పుచ్చుకునేవాడు.
అవతలి చేతికి గోళ్ళరంగు ఉండేది.
ముఖం మేం ఎన్నడూ చూడలేదు.
ఒక్క గమ్ము, నలుగురం.
సోమవారం వాఝా, మంగళవారం నెల్యా,
బుధవారం గేనా.
గురువారం నా దగ్గరికొచ్చేసరికి
రుచి పోయి వంతు మిగిలేది.

రాత్రి సైరను మోగితే
చీకట్లో నాన్న బూట్లు వెతుక్కునే చప్పుడు.
ఎప్పుడూ సర్దే ఉండే చిన్న పెట్టె
గోడకి రాసుకున్న చప్పుడు.
అమ్మ లైటు వేసేది కాదు.
పొద్దున్నే ఆయన తిరిగొస్తే, డ్రిల్లు అన్నమాట.
రాకపోతే...
ఆ మాట అమ్మ ఎన్నడూ పూర్తి చెయ్యలేదు.
అయినా ఇప్పుడు నాకు భయం గుర్తు రాదు.
డీజిలు వాసన కొట్టే కోటులో
ముఖం దాచుకోవడం గుర్తొస్తుంది.

తొంభై మూడు, మార్చి.
దేశం ముందు పోయింది, రైళ్ళు తర్వాత వచ్చాయి.
జనం అన్నీ ఊడదీసుకున్నారు,
కుళాయిలు, స్విచ్చులు, కిటికీ చట్రాలు.
అక్కడ ఇల్లంటూ ఒకటి ఉంటుందని ఎవరికీ నమ్మకం లేదు.
మా నాన్న తలుపు పిడి ఒక్కటే విప్పాడు. ఇత్తడిది.
"తలుపు లేని పిడి దేనికయ్యా?" అని అమ్మ తిట్టింది.
ఆయన దాన్ని చొక్కాతో తుడిచి జేబులో వేసుకున్నాడు.

అది ఇప్పుడు నా సంచిలో ఉంది.
ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత తెచ్చాను.
రీగాలో మందుల షాపులో పని నాకు,
బరువైన వస్తువులు మొయ్యడం అలవాటు లేదు.
గుమ్మం ఉంది, తలుపు లేదు.
పిడిని గాలిలో పట్టుకుని నిలబడ్డాను, పిచ్చిదానిలా.
"మ్యూజియానికి ఇస్తారా?" హెన్నింగ్ అడిగాడు.
"ఇవ్వను" అన్నాను,
మా నాన్న గొంతుతో.

నెల్యా ఖార్కివ్ నుంచి రెండు సంచులతో పోలెండు చేరింది.
రష్యన్ మాట్లాడడం మానేసింది.
నాతో మాత్రం, ఈ ఒక్క రోజు మాట్లాడింది.
"ఇది వాళ్ళ భాష కాదు," అంది,
"మన గోడ లోపలిది."

వాఝా రాలేదు. మోకాలి ఆపరేషను.
ఫోనులో నవ్వు పంపాడు,
అందులో దగ్గే ఎక్కువ.
గేనాని ఎవరూ పిలవలేదు.
పిలిస్తే
కొడుకు ఏం చేస్తున్నాడని అడగాలి.
పెళ్ళయిందా అని అడిగినంత తేలికగా అడగాలి.

గోడ దాకా నడిచాం.
ఆ సందులోంచి ఒక బిర్చి మొక్క
ఒళ్ళు వంకర తిప్పుకుని అవతలికి పోయింది.
నెల్యా దాని పక్క నుంచి
మోచేతి దాకా చెయ్యి పెట్టింది.
అంగుళం జరిగితే చాలు, గోడ పూర్తిగా కూలిపోయి ఉంది,
నడిచే వెళ్ళచ్చు.
ఆ మాట నేను చెప్పలేదు.

"ఈవేళ ఏ వారం?" అంది.
"బుధవారం."

చాలాసేపు
చెయ్యి వెనక్కి తీసుకోలేదు.