నీలి చుక్క

ఫార్మలిన్ వాసన మొదటి ఏడాదే నా ముక్కుకి అలవాటైపోయింది.
బస్సులో పక్కన కూర్చున్నవాళ్లే
కొంచెం జరుగుతారు.

హోసూరు రోడ్డు మీద, డైరీ సర్కిల్ దాటాక,
ఆస్పత్రి వెనక చల్లటి గదిలో నా ఉద్యోగం.
ఇంటివాళ్లు సంతకం పెట్టి ఇచ్చిన మెదళ్లని
బ్రెడ్డు కోసినట్టు కోసి, అంకె వేసి, దాచడం.
పేర్లుండవు. వయసుంటుంది.
ఒక్కోసారి వృత్తి.

నిన్న వచ్చింది ఒక దర్జీ. డెబ్బై ఒకటేళ్లు.
జబ్బు గడిలో రెండే మాటలు:
దీర్ఘకాలిక ఆందోళన.
ఎన్ని జాకెట్లు కుట్టాడో, గడువు దాటుతుందని ఎన్ని రాత్రులు లేచి కూర్చున్నాడో
ఆ గడిలో పట్టదు.

"వనజాక్షీ, ఇటు రా," అన్నారు ఇందుశేఖర్ సార్.
మెదడు కాండంలో, అటొకటి ఇటొకటి,
నువ్వుగింజంత నీలం.
చొక్కా జేబులో పెన్ను కారినట్టు.

"పసిపిల్లల్లో ఇది కంటికి ఆనదు.
ఉలికిపాటుని ఒళ్లంతా చాటే రసాయనం ఇక్కడే తయారవుతుంది.
వండినప్పుడల్లా ఇంత మసి మిగులుతుంది,
పొయ్యి వెనక గోడకి పట్టినట్టు."

"అంటే ఎక్కువ భయపడినవాళ్లకి
ఎక్కువ నలుపా సార్?"

"అలా చదవకు. బతికినవాళ్లందరికీ పడుతుంది మసి."

నేనెందుకు అడిగానో ఆయనకి తెలియదు.

పోయిన ఆషాఢంలో, వానలో, సిల్కుబోర్డు దగ్గర
బస్సు ఆగింది. అంతే. ఇంకేమీ జరగలేదు.
పులి లేదు, దొంగ లేదు,
పచ్చగా మారని ఒక ఎర్రదీపం ఉంది.
నా వేళ్లు నావి కాకుండా పోయాయి.
ఊపిరి గొంతు దాకా వచ్చి వెనక్కి తిరిగింది.
చచ్చిపోతున్నానని ఎంత ఖాయంగా తెలిసిందంటే
డబ్బా తాళంచెవి ఎవరికివ్వాలా అని ఆలోచించాను.
"ఏనాయ్తమ్మా?" అన్నాడు కండక్టరు.
జవాబుకి ఏ భాషా దొరకలేదు.

ఈసీజీ బంగారంలా వచ్చింది.
అబద్ధం చెప్పానేమోనని
నామీద నాకే అనుమానం.

మా భాషలో భయమంతా గుండెదే కదా.
గుండె జారుతుంది, ఝల్లుమంటుంది,
గుండెల్లో రాయి పడుతుంది.
కొంత కడుపు పంచుకుంటుంది.
తలకి మిగిలింది నొప్పి ఒక్కటే.
ములబాగిలు నానమ్మయితే దడుపని తేల్చి
కొలిమి నీళ్లు చల్లించేది.
చల్లటి నీళ్లు మొహాన పడితే
గుండె వేగం నిజంగానే తగ్గుతుందని
ఇక్కడ చేరాక తెలిసింది.

చెవికి లోపలగా బాదంగింజంత ముద్ద ఒకటుంది.
నుదుటి వెనకున్న పెద్దమనిషి కళ్లజోడు వెతుక్కుని
"తాడే కదా" అనేలోగా
అది పామని కేకేస్తుంది.
నీలి చుక్క ఆ కేకని అందుకుంటుంది, దండోరా వేస్తుంది.
పెద్దమనిషి వచ్చి చేతులెత్తి ఆపబోయేసరికి
ఊళ్లో సగం మంది పొలిమేర దాటేశారు.

తాడుకీ పాముకీ మధ్య
వేదాంతులు వెలిగించుకున్న దీపం
నాకు మాత్ర రూపంలో వచ్చింది. రోజుకి సగం ముక్క.
మూడు వారాలు ఏమీ లేదు,
నోరెండిపోవడం తప్ప.
అయిదో వారంలో ఒకరోజు
చారులో ఉప్పు తక్కువైందని విసుక్కున్నాను.
విసుక్కోవడానికి తీరిక దొరికిందని
రాత్రికి గానీ గమనించలేదు.

దర్జీ ముక్కని మైనంలో పెట్టాను.
చీటీ మీద వయసు, అంకె, వృత్తి.
ఇంకో మాటకి చోటుంది. ఏదీ తోచలేదు.
మూత బిగించాను.

ఇవాళ కూడా సిల్కుబోర్డు దగ్గర బస్సు ఆగింది.
మెడ వెనక్కి చెయ్యి పోయింది,
ఆ లోపలెక్కడో నా నువ్వుగింజలు రెండూ,
ఏ పాటి నీలమో, చూసేది నేను కాదు.
లోపల ఎవరో కేక వేశారు.

"పామా?" అన్నాను, పైకే.

పక్కావిడ నావైపు చూసి కొంచెం జరిగింది.
ఫార్మలిన్ వల్లే అనుకున్నాను.