జొరం చూసినట్టు

గుణుపూర్ అవతల, వంశధార ఇసక దాటితే
ఎన్‌సీసీ కేంపు రేంజి. వైశాఖం.
పది తూటాలకే తుపాకీ గొట్టం సెగలు కక్కుతుంది,
దాని వీపు మీంచి ఎండమావి లేస్తుంది,
అవతల గురి అట్ట
నీళ్లలో మునిగినట్టు ఊగుతుంది.

తడి గావంచా చుట్టమన్నాడొకడు.
"తుప్పుకి పిల్లనిచ్చినట్టే," అన్నాడు హవల్దారు బిసోయి.
సవర పిల్ల సంబారి తాటాకు విసనకర్ర తెచ్చింది,
విసిరినంతసేపూ వడగాలే.

నేను మా అయ్య సైకిల్ షాపు పంపు తెచ్చాను.
బోల్టు లాగి, తూటా పెట్టేచోట రబ్బరు ట్యూబు దూర్చి
కొట్టాను. నలభై. యాభై. లెక్క తప్పింది.
పంపు కాలింది,
నా అరచేతులు కాలాయి,
ఎవరి వేడి ఎవరికి పోయిందో గానీ
ఇనుం నెమ్మదించింది.

బిసోయి వేళ్ల వెనకవైపు ఆనించి
జొరం చూసినట్టు చూసి
"ఊఁ" అన్నాడు.
సంబారి బోర్లా పడుకుంది.
ఊపిరి బిగబట్టింది నేను.

సాయంత్రం షాపులో
పోస్టుమేను సైకిలుకి గాలి కొడుతున్నాను.
వాల్వు మీద నల్లటి మసి.
"ఏటిరా ఈ వాసన?"

"గాలే, బాబూ."