నాలుగో దిబ్బ

కిరాణా కొట్టోళ్ళిచ్చిన క్యాలెండర్లో
అయిపోయిన నెల చించి, తెల్లతట్టు పైకి తిప్పి
పీట మీద పరిచినా.
ఆదివారం నెల్లూరు నుంచి పద్నాలుగు మంది.
అందులో ఇద్దరు చంటిబిడ్డలు, మోకాళ్ళ నొప్పులామె ఒకరు.
"దీవులన్నీ చూపిస్తారు గదమ్మా" అని ఫోన్లో అడిగినారు.
దీవులంట.
ఇసకపల్లిలో ఎవురూ ఆ మాట అనరు.
దిబ్బ అంటాం.
నీళ్ళు ఒప్పుకున్నన్నాళ్ళే అది దిబ్బ.

ముందు పోటూ పాటూ రాసుకోవాల.
రోజుకు ముప్పావుగంట వెనక్కి జరుగుతుంది సముద్రం,
బాకీ ఉన్నోడు రేపు రేపు అన్నట్టు.
వచ్చేది అమావాస్య ఆదివారం.
మధ్యాన్నం దాటితే నీళ్ళు లాగేస్తాయి.
తొమ్మిదికి బోటెక్కకపోతే
మడకాలవలో ఇంజను బురద తాగుతుంది,
మా నాగూరయ్య దిగి తొయ్యాల,
తోసినంతసేపూ నన్ను తిట్టాల.

మొదట కొంగల దిబ్బ. అరగంట చాలు.
కొంగలుంటే ఫోటోలు, లేకపోతే రెట్టలు.
తర్వాత సవుక దిబ్బ. నీడుంది, ఇడ్లీలు అక్కడే.
చట్నీ ఈసారి మూత బిగిసే డబ్బాలో.
పోయినసారి ఇసక కలిసి
బ్యాంకు మేనేజరు పన్ను పట్టుకుని కూర్చున్నాడు.
ఆడోళ్ళు యాడికి పోవాలని నాగూరయ్య అడగడు.
నలభై ఏళ్ళు నీళ్ళ మీద తిరిగిన మొగోడికి
ఆ ప్రశ్న తట్టదు.
నేను రెండు పాత చీరలు, నాలుగు కర్రలు రాసుకున్నా.
లైఫు జాకెట్లు పదహారు, చంటోళ్ళవి అల్లూరు నుంచి అరువు.
గుల్లల దిబ్బలో అన్నం, పీతల పులుసు.
అంతే. మూడు.

బోర్డు రాసే పిల్లోడు హరిశ్చంద్ర
రంగు డబ్బాతో గడపలో నిలబడి
"నాలుగు దీవుల విహారం అని రాసేసినానత్తా" అన్నాడు.
"మూడే గదరా!"
"మూడంటే ఎవురొస్తారు? నాలుగంటే నిండుగా ఉంటాది."
నాగూరయ్య నోట్లో చుట్ట తీసి
"నాలుగే" అన్నాడు.
ఇంకేం అనలేదు.

నాలుగోది ఉండేది.
ఎండుచేపల దిబ్బ.
మా అమ్మ, నేను, పాలెం ఆడోళ్ళు ముప్పై మందిమి
నెత్తళ్ళు ఆరబోసి, కాకుల్ని తోలి,
మొగోళ్ళు వినకుండా మాట్లాడుకున్న చోటు అదొక్కటే.
నా పెళ్ళి మాట
నాకన్నా ముందు ఆ ఇసకే వినింది.
వాయుగుండం పట్టిన కార్తీకంలో
మొగ పక్కకు జరిగింది.
మూడు రాత్రులైనాక పోయి చూస్తే
నీళ్ళు.
వెదురు గుంజ ఒకటి, దాని మీద కాకి.
పోయినేడు గుంజా పోయింది.

లేని దిబ్బకు టిక్కెట్టెట్టా తీసుకుంటాం?
రాసి, కొట్టేసి, మళ్ళా రాసి
చివరకు రేటు మూడింటికే వేసినా.
నాలుగో గీతలో టైము మాత్రం పెట్టినా:
మూడుగంటలప్పుడు, పది నిమిషాలు, ఇంజను ఆపాల.

ఆగింది.
నాలుగు తట్లా నీళ్ళే.
"చెడిపోయిందా?" అని మోకాళ్ళ నొప్పులామె.
"నాలుగోది యాడ?" అని
పొద్దుట్నుంచి వేళ్ళు మడుస్తా ఉన్న పిల్లోడు.
నాగూరయ్య నా తట్టు చూసినాడు.
బోర్డు ఆయన రాయిస్తాడు,
జవాబు నేను చెప్పాలంట.

కుచ్చిళ్ళు ఎగదోపి
బోటు అంచు మీంచి దిగినా.
ఎవురో కెవ్వుమన్నారు.
నీళ్ళు మోకాలి దాకా కూడా రాలేదు.
కాలి కింద గట్టి ఇసక, పాత ఇసక,
వేళ్ళ సందుల్లో అదే గరుకు.
నాలుగు బారలు నడిచి
ఒడ్డనేది కనపడని నీళ్ళ నడిమధ్య నిలబడి
"ఇదిగో" అన్నా.

పిల్లోడు నాలుగో వేలు మడిచినాడు.
ఇంజను దగ్గర నాగూరయ్య
చుట్టకు అగ్గిపుల్ల గీస్తా ఉండాడు,
గాలికి ఆరిపోతా ఉంది,
మళ్ళా గీస్తా ఉండాడు.