తొమ్మిది రోజులు, పదిహేడు చింతగింజలు

వీసా ఆఫీసులో వేలిముద్రలిచ్చి వచ్చిన రాత్రి
తార్నాకలో మా భోజనాల బల్లమీద
బ్రిటన్ పరిచాం.
ఓ మూల ఆవకాయ జాడీ, ఓ మూల మంచినీళ్ళ చెంబు,
లేకపోతే ఫ్యాను గాలికి
స్కాట్లాండ్ లేచిపోతోంది.

పురుషోత్తం చింతగింజలు పెట్టుకుంటూ పోయాడు.
లండన్ మీద ఒకటి, చాలదని ఇంకొకటి,
బాత్, ఆక్స్‌ఫర్డ్, రాళ్ళు నిలబెట్టిన ఆ మైదానం,
కార్డిఫ్,
సరస్సుల సీమ, యార్క్, ఎడిన్‌బరో,
ఆ పైన, రాక్షసి ఉందో లేదో ఎవరూ తేల్చని చెరువు.
మొత్తం పదిహేడు.
చూడబోతే వామనగుంటలాడుతున్నట్టుంది.

నేను నీటిపారుదల శాఖలో ఇరవై రెండేళ్ళుగా
కాలువల నక్షాలు గీస్తున్నదాన్ని.
కాగితం మీది జానెడు
నేలమీద ఎంత అబద్ధమాడుతుందో నాకు తెలుసు.
స్కేలు తీశాను.
లండన్ నుంచి ఎడిన్‌బరో, ఒక పూట రైలు.
రైలుకు ముందో గంట, దిగాక గది వెతుక్కోడానికో గంట,
మధ్యలో నా మోకాలు అడిగే విరామం
ఏ టైంటేబుల్లోనూ వెయ్యరు.
"రాకపోకలకు రెండు పోతే మిగిలేవి ఏడు రోజులు.
వాటిలో ఇన్ని గింజలంటే
మనం చూసొచ్చేది బ్రిటన్ కాదు,
సూట్‌కేసు జిప్పు."

అతను నవ్వలేదు.
"మళ్ళీ వెళ్తామా ఏంటి?" అన్నాడు.
ఆ మాటలో ఐదేళ్ళ చిట్టీ డబ్బుంది,
రద్దు చేసుకున్న రెండు ప్రయాణాలున్నాయి,
వాళ్ళన్న ఆపరేషన్‌కి ఇచ్చేసిన ఒక ఏడాది ఉంది.
దాన్ని కొలిచే స్కేలు నా దగ్గర లేదు.
కాసేపు ఇద్దరం ఫ్యాను చప్పుడు విన్నాం.

అప్పుడు గుర్తొచ్చింది వకుళ.
మొన్న ఏప్రిల్లో అనకాపల్లి నుంచి వచ్చి
ఒకటిన్నర రోజుంది.
చార్మినార్, చౌమహల్లా, సాలార్‌జంగ్, గోల్కొండ,
చీకటి పడ్డాక ట్యాంక్‌బండ్ కూడా
కూరి కూరి పంపాం,
పులిహోర పొట్లంలో ఇంకో గరిటె పెట్టినట్టు.
"ఫోన్ చెయ్యి," అన్నాను, "ఏం గుర్తుందో అడుగుదాం."

స్పీకర్లో వకుళ ఆవులించింది.
"డబీర్‌పురా దగ్గర మన ఆటో ఆగిపోయింది చూడు వదినా,
లక్కగాజుల కొట్టు మెట్లమీద కూచున్నాం కదా,
నిప్పుల మీద లక్క తిప్పుతూ ఆ ముసలామె
'కలాయీ బహుత్ పతలీ హై బేటీ' అని
నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.
ఆ గాజు ఇప్పుడూ వేసుకునే ఉన్నా."
"మరి గోల్కొండ?"
"మెట్లు... చాలా మెట్లు కదా?"

ఫోన్ పెట్టేశాక
చెరువు మీది గింజ పురుషోత్తమే తీశాడు.
తర్వాత మైదానం రాళ్ళది.
కొన్నిటికి బేరమాడాడు, కొన్నిటికి అలిగాడు,
ఆక్స్‌ఫర్డ్‌ని పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చని
రెండుసార్లు వెనక్కి పెట్టాడు.
కార్డిఫ్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు.
చిన్నప్పుడు వాళ్ళ స్టాంపుల పుస్తకంలో
వేల్స్ బిళ్ళ మీద ఒక డ్రాగన్ ఉండేదట.
ఆ గింజ తీసి డబ్బాలో వెయ్యలేదు,
చొక్కా జేబులో వేసుకున్నాడు.
నేను చూడనట్టే ఉన్నాను.

లండన్‌లో నాలుగు రాత్రులు,
యార్క్‌లో ఒకటి, ఎడిన్‌బరోలో రెండు.
గురువారం గడిలో ఏమీ రాయలేదు.
అతని పెన్ను ఆ తెల్లటి చోటు చుట్టూ
ఈగలా తిరిగింది.
"ఇక్కడేం చేస్తాం?"
"ఏదైనా బెంచీ మీద కూచుందాం.
ఆ ఊరివాళ్ళు వంకాయలు ఎలా ఏరుకుంటారో చూద్దాం."
"దానికి అంత దూరం పోవాలా?"
"ఆటో ఎక్కడ చెడిపోతుందో ముందే తెలుస్తుందా?"
పెన్నుకి మూత పెట్టాడు.
ఒప్పుకున్నట్టో, నిద్రొచ్చినట్టో.

ఆదివారం బట్టలేస్తే
వాషింగ్ మెషీన్లో ఏదో టకటకా కొట్టుకుంటోంది.
ఆపి, మూత తీసి,
తడి చొక్కాల మధ్య చెయ్యి పెట్టి వెతికాను.
కార్డిఫ్.