పన్నెండు శాతం

కుటాయిసిలో, రియోని ఏటి ఒడ్డున,
టైర్ల కొట్టుకీ రొట్టెల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గది నాది.
చనిపోయినవాళ్లు నా దగ్గరికి పెన్‌డ్రైవ్‌లో వస్తారు.
కొందరు ఫోన్లో,
పగిలిన గాజు కింద నవ్వుతూ.

నా పని పెద్దదేం కాదు.
ఇక్కడ కాస్త తెలుపు, అక్కడ కాస్త నలుపు.
వెనక వీధిలో ఒక మెషిన్ ఉంది.
నేనిచ్చిన ఫైలు చూసుకుంటూ
వజ్రపు సూదితో నల్లరాతిని పొడుస్తుంది.
దానికి తెలిసిందొకటే:
తెల్లగా ఉన్నచోట గాటు పెట్టాలి,
నల్లగా ఉన్నచోట రాయిని రాయిగా వదిలెయ్యాలి.

నాకు పని నేర్పిన వాఝా ముసలాయన
చీకటిగదిలో తీగకి అట్టముక్క గుచ్చి
కాగితం మీద పడే వెలుగుకి అడ్డం పెట్టేవాడు.
అడ్డం పెట్టినచోట ముఖం తేటపడేది.
గుప్పిటి సందులోంచి ఒలకబోసినచోట
మసిబారేది.
"ఎక్కువ తాగితే కాగితమైనా నల్లబడుతుందమ్మాయ్" అనేవాడు
తను బాగా తాగి ఉన్నప్పుడు.

ఇప్పుడు అట్టముక్క లేదు, మందునీళ్ల ఘాటు లేదు.
ఒక గుండ్రటి బ్రష్, దాని బలం పన్నెండు శాతం.
ఒక్కసారి రాస్తే ఏమీ తెలియదు.
పదిసార్లు రాస్తే
ఇంట్లోవాళ్లు కూడా గుర్తుపట్టరు.

అందరికీ కళ్లే కావాలి.
కళ్ల కింద నలుపు మాత్రం వద్దంటారు,
ఆ నలుపు తెచ్చిన రాత్రులు తామే అయినా సరే.

గురువారం, వానలో, నజిబ్రోలా వచ్చింది.
ముగ్గిన తునికి పళ్ల సంచి బల్ల మీద పెట్టి
చెప్పింది: మా ఆయన జుంబెర్. లిఫ్టులు బాగుచేసేవాడు.
నిలువెత్తు రాయి కావాలి.

కొబులేతి గులకరాళ్ల తీరం. సాయంత్రం నాలుగింటి ఎండ.
గడ్డిటోపీ కళ్ల మీదికి లాక్కుని
ఏదో అనబోతూ ఆగిన నోరు.
టోపీ నీడలోకి బ్రష్ దించాను.
పన్నెండు, మళ్లీ పన్నెండు,
బావిలో పడ్డ చెంబు కోసం గాలం ఆడించినట్టు.
ముందు ఎడమకన్ను తగిలింది.
కుడికన్ను సగమే తెరిచి ఉంది.
ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది.

ఇక ఆ కింద నీడ.
ఫోటో అడుగునుంచి గులకరాళ్ల మీదుగా పాకి
అతని మోకాళ్లెక్కి
చొక్కా చివర దాకా వచ్చిన మచ్చ:
ఒక తల, పైకెత్తిన రెండు మోచేతులు.
తేలిక చేద్దామని చుట్టూ గీత గీశాను.

"అది ముట్టుకోకు."
"దీన్నిలా వదిలేస్తే రాతి మీద మోకాళ్లుండవండీ.
పని సగంలో ఆపేశారనుకుంటారు."
"అనుకోనీ. అది నేను."

కెమెరా కొత్తదట. పట్టుకోవడం రాదట.
నీ నీడ పడుతోంది, ఒకడుగు వెనక్కి వెయ్యి అంటున్నాడట.
"వెయ్యలేదు," అంది.
కిటికీలోంచి వాన చూస్తూ మళ్లీ అంది,
"ఏమో, వినపడలేదేమో. అలలు."

గీత చెరిపేశాను.
తెలుపు బ్రష్ పక్కనపెట్టి నల్లది తీసుకున్నాను.
నీడలో అక్కడక్కడా మెరుస్తున్న గులకరాళ్లుంటే
మెషిన్‌కి అనుమానం వస్తుంది, ఒకటో రెండో గాట్లు పెట్టేస్తుంది.
వాటిని ఒక్కొక్కటే ఆర్పాను.
మోచేతుల అంచుల్ని మాత్రం
అతని చొక్కా మడతల్లోకి మెల్లగా కరగనిచ్చాను.
అది ఆవిడ అడగలేదు. డబ్బు కూడా తీసుకోలేదు.

రాయి నిలబెట్టిన రోజు నన్నూ పిలిచారు.
మేస్త్రీ బకెట్టు నీళ్లు గుమ్మరించి దుమ్ము కడిగాడు.
తడిసిన రాతి మీద బొమ్మ పూర్తిగా మాయమైంది.
నల్లటి పలక, అంతే.
ఎవరో చిన్నపిల్ల, "తాత ఏడీ?" అంది.

గాలి వీస్తోంది.
టోపీ ముందు ఆరింది.
తర్వాత బుగ్గ, సగం కన్ను, అనబోయిన నోరు.
చొక్కా గుండీలు ఒక్కొక్కటీ వచ్చాయి.
దాని కింద ఇంకా నల్లగానే ఉంది.
అది తడో, ఆవిడో
నాకు వెంటనే తెలియలేదు.