సగం దిమ్మె

మా సేటు పద్దుల పుస్తకంల
ఆ యేడాది మొత్తం నా పేరు మీదనే ఉన్నది.
"ఎంకటనర్సు, సగం దిమ్మె, బాకి."
పెండ్లిండ్లకు కాదు, చేపల బండ్లకు కాదు,
జానయ్య కండ్లకు.

మిర్యాలగూడల ఐసు కోసేటోన్ని నేను.
రంపంతోని గీత వెట్టి సుత్తెతోని ఒక్కటిస్తే
ఎక్కడ పగలాల్నో అక్కడనే పగుల్తది.
ఖాజా మాస్టర్ ఓనాడు నిలవడి చూసి అన్నడు:
"పగలగొట్టుడు ఇంత బాగ తెలిసినోనికి
అతకవెట్టుడు రాదా?"
గట్ల పడ్డ నేను బాక్సింగుల.
గంటకు గంటకు నడుమ
ఒక్క నిమిషం నాది.
నెత్తుటిని ఆపాలె, వాపును దింపాలె,
మంచి మాట ఒకటి చెప్పాలె.

ఫిబ్రవరిల ఎల్బీనగర్ ఫంక్షన్ హాలు.
ముందునాడు రాత్రి ఎవలదో లగ్గమైనట్టుంది,
రింగు గుంజల సందున ఇంకా తలంబ్రాలు.
బూటు కింద కరకరమంటే వంగి చూసి
"అన్నా, మన మిల్లు బియ్యమే" అని నవ్విండు జానయ్య.
రెండో రౌండు దాటనియ్యలే ఎదుటోన్ని.

ఏప్రిల్ల నాలుగు కిలోలు తగ్గాల్సొచ్చింది.
పట్నమోల్లకు దానికి వేరే గదులుంటయట.
మాకు బాయిల్డ్ రైసు మిల్లున్నది.
వడ్లు ఉడికే ఆవిరిల
రెండు గోనెసంచులు కప్పుకొని
మూడు పొద్దులు నిలవడ్డడు.
బస్తాలు తూచే కాంటా మీదనే ఎక్కిచ్చినం,
ఇంకా పావుకిలో మొగ్గు.
"ఉమ్మెయ్‌రా" అన్నడు మాస్టర్, "ఇంకా ఉమ్మెయ్."
ఢిల్లీల దిగినంక గూడ వాని ఒంటికి అదే వాసన.
ఎదుటోడు ముక్కు చిట్లిచ్చిండు,
ఆ ముక్కు మీదనే మొదటి దెబ్బ.

జూన్ల సమానమన్నరు జడ్జిలు.
జానయ్యకు సమజ్ కాలే.
"సమానమైతే
వానికి ఎక్కువ పైసలెందుకిచ్చిండ్రన్నా?"

ఆగస్టు పేజీల పద్దు లేదు.
ప్రమోటర్ ఇచ్చిన చెక్కు రెండుసార్లు వాపసొచ్చింది,
జానయ్య మళ్ల హమాలిల వోయిండు.
ఎడమ భుజానికో బస్తా, కుడి భుజానికో బస్తా,
నోట్లనే ఏదో లెక్కవెట్టుకుంట.

వాని పెండ్లాం సైదమ్మ
గెలిచినవా అని ఎన్నడు అడగలే.
ఫోన్ల ఒక్కటే మాట:
"నమలొస్తదా?"
దాన్ని బట్టి అన్నమో జావనో
పొయ్యి మీదికెక్కేది.

ఇగ డిసెంబరు.
ఎనిమిది రౌండ్లు, పటకా కోసం.
అయిదో రౌండుల ఎడమ కనుబొమ్మ
నేను కోసిన ఐసు లెక్క నిలువున విచ్చుకున్నది.
వేలు వెట్టి వత్తిన. వెచ్చగ నా మోచెయ్యి దాక.
"ఎన్నున్నయన్నా?" అన్నడు.
మూడున్నయి.
"ఒక్కటే" అన్న.

ఉరికిండు.
ఉన్నదంత ఊడ్చి, విత్తనానికి గూడ దాసుకోకుంట
కుమ్మరిచ్చిండు.
ఎదుటోడు మోకాళ్ల మీద పడ్డడు,
ఎనిమిది లెక్కకు లేసిండు.
గంట కొట్టిండ్రు.
జానయ్య రెండు చేతులు పైకెత్తి
నవ్వుకుంట వచ్చిండు నా దిక్కు.

నేను స్టూలేసిన.

ఆ స్టూలును చూసిండు.
నన్ను చూసిండు.
ఏమనలే. కూసున్నడు.
ఐసు వెడ్తె
కన్ను మూయలే.

మిగిలిన రెండు రౌండ్లు పడకుంట నిలవడ్డడు, గంతే.
రెండు పాయింట్లతోని పోయింది.
రైల్ల నల్లగొండ దాటినంక
ఒక్క మాట మాట్లాడిండు:
"సేటుకు ఐసు పైసలెన్ని?"
ఇరవైమూడు సగాలు. రెండువేల ఏడువందల అరవై.
తెల్లారి తనే వచ్చి కట్టిండు,
సేటు ఎర్ర సిరతోని అడ్డగీత కొట్టిండు.

మళ్లొక యేడొచ్చింది.
పొద్దుమీకి మిల్లెనుక రేకుల షెడ్డుల
సంచి మీద గుద్దుతాంటడు.
ఆ కనుబొమ్మ మీద ఎంటిక మొలవలే.
ఎన్నో రౌండని నన్ను అడుగుతలేడు,
గోడ మీద బొగ్గుతోని
తన గీతలు తనే గీసుకుంటున్నడు.
నేను పక్కపొంటి
ఐసు వట్టుకొని నిలవడ్త.