లోపలి టైరు

ముప్పై ఏడో వారం, పదమూడో సంవత్సరం.
టైరు పుట్టిన తేదీ నాలుగంకెల్లో రాసుంటుందట,
అదీ లోపలి చెంప మీద.
బండి కింద వెల్లకిలా పడుకొని
టార్చి నోట కరుచుకొని
తడిగుడ్డతో తుడిస్తే తప్ప కనపడదు.

మేం తుడవలేదు.

వయాలాలో ఆ మోటార్‌హోమ్ బేరమాడిన రోజు
మేం చూసింది పొయ్యి, మంచం,
కర్టెన్ల మీద నిమ్మపళ్ళ బొమ్మలు.
మా ఆయన గాళ్ళలో నాణెం గుచ్చి,
"సగం మునిగింది ఉదయినీ, కొత్తవాటి కిందే లెక్క" అన్నాడు.
అమ్మినావిడ అబద్ధమేం ఆడలేదు.
"ఆయన పోయాక తొమ్మిదేళ్ళు షెడ్డు గడప దాటలేదమ్మా" అంది.
అది మంచి కబురనుకున్నాం.
నడవనిది అరగదు కదా!

అరగదు.
ఎండిపోతుంది.

పోర్ట్ అగస్టా దాటి, పింబా ఇంకా చాలా దూరం.
ముందు సన్నగా వణుకు.
అరలో స్టీలు గ్లాసులు గుసగుసలాడుకున్నాయి.
"రోడ్డు బాలేదు" అన్నాడు.
కాసేపటికి మాడు వాసన.
పొయ్యి ఆర్పావా అన్నట్టు నావైపు చూశాడు.
ఆ తర్వాత
నేల కిందనుంచి ఎవరో తలుపు తన్నినట్టు
ఒకటే దెబ్బ.

బ్రేకు మీదికి పోతున్న కాలు చూసి
"వద్దు" అని అరిచాను, ఎందుకో నాకే తెలీదు.
స్టీరింగు గట్టిగా పట్టుకుని
బండి ఆయాసం అదే తీరేదాకా పోనిచ్చాడు.

దిగి చూస్తే వెనక టైరు నిక్షేపంలా ఉంది.
దాని చాటున, జంటలో రెండోది,
పేలికలు పేలికలు.
పోతూ పోతూ నీళ్ళ గొట్టం కోసుకుపోయింది.
వారానికని నింపుకున్న నీళ్ళు
ఎర్రమట్టిలోకి ధారకట్టాయి.
చెట్టూ పుట్టా లేని ఆ చోటికి ఎట్నుంచి వచ్చాయో
గులాబీ రొమ్ముల గలా పిట్టలు, పది, పదిహేను,
మా నష్టం చుట్టూ పంక్తి వేసి కూర్చున్నాయి.

రెండున్నర గంటలకి లారీ వచ్చింది.
దిగింది గ్లెనిస్. అరవై దాటిన మనిషి,
చంకలో కొయ్యసుత్తి.
మమ్మల్ని తిట్టలేదు, నా అరచెయ్యి పట్టుకుని
మిగిలినవాటి మీద రాయించింది.
"కళ్ళు మోసపోతాయి, ఇలా తడుము."
మడమ పగుళ్ళలాంటి గీతలు, గోరు దిగేంత.
ఒకచోట బుడిపె,
బుగ్గలో బిళ్ళ దాచుకున్న పిల్లాడిలా.
"లోపల దారాలు తెగాయి. ఇది ఇవాళో రేపో."
తర్వాత ఒక్కోదాన్నీ సుత్తితో కొట్టింది.
కుండ కొనేముందు వేలిముడుపుతో తట్టి వినేదాన్ని నేను,
నాకు వేరే చెప్పక్కర్లేకపోయింది.
నాలుగోది బొద్దుగా పలికింది.

"జంటలో ఒకదానికి గాలి దిగితే
రెండోది మొత్తం మోస్తుంది.
బండి ఒరగదు. మీకేం తెలుస్తుంది?"
"ఎంత దూరం మోస్తుంది?"
"మోసినంత" అంది.
అప్పుడు చూశాను,
మా ఆయన నిలబడ్డ తీరు.
బరువంతా ఎడమకాలి మీదే.
ఎన్నాళ్ళనుంచో అడగలేదు,
ఆ ఎండలో, ఆవిడ ముందు.

ఆరు టైర్లు. ఉలూరుకని దాచిన డబ్బు
పోర్ట్ అగస్టాలోనే అయిపోయింది.
ఇప్పుడు పొద్దున్నే టీకి ముందు
గేజీ పట్టుకుని ఒక చుట్టు తిరుగుతాను,
చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.
తర్వాత సుత్తి.
ఎదుటి క్యాంపువాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

వయాలా ఆవిడకి మాత్రం ఫోన్ చెయ్యలేదు.
ప్రతి ఆదివారం డ్రైవరు సీట్లో కూర్చుని
పది నిమిషాలు ఇంజను ఆన్ చేసేదట,
మళ్ళీ ఆపేసి తలుపేసుకునేదట.
"ఓ మూరెడు ముందుకి జరిపినా
బరువు ఒకేచోట పడకుండా ఉండేది" అంది గ్లెనిస్.

మూరెడు.
ఆవిడకి ఆ మాట నేనెలా చెప్పను?